గోడ ముందు సాపేక్షత

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని ఫోనులోని గొంతు ప్రకటించేసరికి మా కారు ఒక ఎత్తైన ప్రహరీ గోడకు జానెడు దూరంలో ఆగి ఉంది. మేము వెళ్ళవలసిన ఇల్లు గోడకు అవతల ఉంది. గేటు మాత్రం కనుచూపు మేరలో లేదు. దారి చూపించే బాధ్యతను పట్టుబట్టి మరీ తీసుకున్న మా బావగారు ఏమాత్రం తడబడకుండా, "ఇదంతా ఐన్‌స్టీన్ వల్ల వచ్చింది" అన్నారు.

వాదన వినసొంపుగానే ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆ వేగం వల్ల వాటిలోని అణు గడియారాలు మన గడియారాల కంటే రోజుకు 7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు) వెనుకబడతాయి. అంత ఎత్తున భూమి గురుత్వాకర్షణ సన్నగిల్లడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. వెరసి రోజుకు 38 మైక్రోసెకన్ల తొందర. ఉపగ్రహం సంకేతం కాంతి వేగంతో వచ్చి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టే ఫోను దూరం లెక్కగడుతుంది, అంత వ్యవధిలో కాంతి 11 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది కాబట్టి మనం గోడ దగ్గర తేలడంలో వింతేమీ లేదని బావగారు తీర్పు చెప్పారు. అంకెలన్నీ నిజమే, ముద్దాయే వేరు.

ఈ తొందర సంగతి ముందే తెలిసిన ఇంజినీర్లు, 10.23 మెగాహెర్ట్జ్ వద్ద నడవవలసిన గడియారాన్ని నేల మీద ఉండగానే 10.22999999543కి తగ్గించి పైకి పంపుతారు. 1977లో జీపీఎస్ పరీక్షల కోసం ప్రయోగించిన ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహంలో ఈ సవరణను మొదట అమలు చేయకుండా సుమారు 20 రోజులు గమనించారు. సిద్ధాంతాన్ని శంకించిన వారు అప్పటికి ఇంకా ఉన్నారు మరి. గడియారం దాదాపు సిద్ధాంతం చెప్పినంతగానే ముందుకు పరుగెత్తింది.

పోనీ, సవరణే లేదనుకుందాం. అప్పుడు దూరం లెక్క సెకనుకు 13 సెంటీమీటర్ల చొప్పున తప్పాలి. బావగారు గోడ ముందు పది నిమిషాలు ఉపన్యసించారు గనుక ఆ లోపల దాదాపు 80 మీటర్ల తప్పు పేరుకుపోవాలి. తెర మీది నీలి చుక్క మాత్రం ఆయన అభిప్రాయంలాగే అంగుళమైనా కదలలేదు. (నిజానికి ఫోను తన సొంత గడియారం లోపాన్ని తేల్చుకోవడానికే నాలుగో ఉపగ్రహం సాయం తీసుకుంటుంది. ఉపగ్రహాలన్నీ ఒకే మేరకు తొందరపడితే ఆ ఉమ్మడి తప్పులో చాలా భాగం ఆ లెక్కలోనే కలిసిపోతుంది కాబట్టి, రోజుకు 11 కిలోమీటర్లు దారి తప్పుతామనడమూ కొంత అతిశయోక్తే. ఈ మాట కారులో పైకి అనే ధైర్యం నాకు లేకపోయింది.)

అసలు చుక్క మేమున్న చోటునే చూపిస్తోంది. దారి చెప్పే యాప్ ఇంటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న రోడ్డును ఎంచుకుని మమ్మల్ని అక్కడ దింపింది. నడుమ గోడ ఉన్నదని దాని పటంలో ఎవరూ రాయలేదు. అంతరిక్షంలో సెకనులో వంద కోట్లవ వంతును కూడా వదలకుండా లెక్కగట్టిన విజ్ఞానం ఆఖరికి ఇటుకల దగ్గర ఓడిపోయింది.

ఇంతలో మా అక్క ఇంటివారికి ఫోను చేసింది. వెంటనే గోడపైన ఒక పెద్దాయన తల ప్రత్యక్షమైంది. అందరూ ఇటే వస్తున్నారని, అందుకే అవతలి వైపు ఒక నిచ్చెనను శాశ్వతంగా వేయించానని ఆయన చెప్పారు. బావగారికి ఉత్సాహం రెట్టించింది. "అయ్యా, 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక గడియారాన్ని 33 సెంటీమీటర్లు పైకెత్తితే అది వేగంగా నడిచింది. ఆ నిచ్చెన మీద మీకు మాకంటే త్వరగా వయసు మీద పడుతోంది, తెలుసునా?" అన్నారు. ఆ 33 సెంటీమీటర్లకు వచ్చే తేడా ఒక నిండు జీవితకాలానికి సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో తొంభై మాత్రమేనని నేను చెప్పేలోపే పెద్దాయన గబగబా దిగిపోయారు. గేటు ఎటు ఉందో అడుగుదామంటే గోడ మీద ఎవరూ లేరు.