తొలి ఓటు ఆలస్యం కారాదు

ఓటు వయసు పద్దెనిమిదేళ్లు అంటాం గానీ, తొలి ఓటు వేసేనాటికి చాలామందికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరిగేచోట, పోలింగ్ ముగిసిన మర్నాడు 18 నిండిన యువతి మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా ఆగాల్సిందే. అప్పటికి ఆమెకు దాదాపు 23. ఈలోగా ఆమె చదువు ఖర్చు, ఉద్యోగావకాశాలు, కట్టాల్సిన పన్నులు అన్నీ ఆమె ప్రమేయం లేకుండానే ఖరారైపోతాయి. పదహారేళ్ల పిల్లలకు పరిణతి ఉందా లేదా అన్న వాదులాటలో ఈ లెక్క మరుగున పడుతోంది. ఓటు వయసును 16కు తగ్గించాలన్న మా అభిప్రాయానికి మూలం ఈ లెక్కే.

ఆస్ట్రియా 2007లో పార్లమెంటు గడువును నాలుగేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఓటు వయసును 16కు దించిందీ అప్పుడే. ఉద్దేశం ఏదైనా, ఒకవైపు పెరిగిన నిరీక్షణను మరోవైపు తగ్గించినట్టయింది. బ్రెజిల్ అయితే 1988 రాజ్యాంగంలోనే 16, 17 ఏళ్లవారికి ఓటు ఇచ్చింది. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్లవారికి అక్కడ ఓటు వేయడం సాధారణంగా తప్పనిసరి, 16, 17 ఏళ్లవారికి మాత్రం ఐచ్ఛికం.

పద్దెనిమిది అన్న సంఖ్య కూడా ఆదినుంచీ ఉన్నదేమీ కాదు. 21 నుంచి 18కి బ్రిటన్ 1969లో, అమెరికా 1971లో, భారత్ 1989లో దిగాయి. ఇరవై దగ్గరే ఉండిపోయిన జపాన్‌లో 18 ఏళ్లవారు జాతీయ ఎన్నికల్లో ఓటేసింది 2016లో.

ఇక పరిణతి మాట. ఉద్రేకంలో, తోటివారి ఒత్తిడిలో నిగ్రహం చూపడం మనిషికి ఆలస్యంగా అలవడుతుంది. తీరిగ్గా విషయాలు బేరీజు వేసుకుని నిర్ణయించుకునే శక్తి మాత్రం పదహారేళ్లకే దాదాపు పెద్దల స్థాయికి చేరుతుందని మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు చెబుతున్నాయి. వారాల తరబడి ప్రచారం విన్నాక ఒంటరిగా వేసే ఓటు ఈ రెండో కోవలోదే.

స్కాట్లండ్ అనుభవం మాకు మరింత విలువైనదిగా తోస్తోంది. 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో అక్కడ 16, 17 ఏళ్లవారికి ఓటు ఇచ్చారు. ఆ తర్వాతి సర్వేలో వారిలో 75 శాతం ఓటేశామన్నారు. 18-24 ఏళ్లవారిలో అలా చెప్పినవారు 54 శాతమే. చిన్నవాళ్లు పెద్దవాళ్లను మించడానికి ఒక కారణం ఊహించడం కష్టమేమీ కాదు. పద్దెనిమిది దాటగానే చదువు కోసమో కొలువు కోసమో ఇల్లు విడుస్తారు. ఓటరు జాబితాలో పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట. పదహారేళ్ల వయసులో ఇంట్లో అమ్మానాన్నలు, బడిలో ఉపాధ్యాయులు, చుట్టూ చర్చ ఉంటాయి. మొదటిసారి వేసినవారు మళ్లీ వేస్తారు. మొదటిసారి మానేసినవారికి మానేయడమే అలవాటవుతుంది.

అమ్మానాన్నలు చెప్పినవారికే పిల్లలు ఓటేస్తారన్న అభ్యంతరాన్ని మేము ఒప్పుకోం. స్త్రీలకు ఓటు హక్కు అడిగిన రోజుల్లో భర్తల గురించీ ఇదే మాట అన్నారు. పార్టీలు బడి గేటు దాటి లోపలికి వస్తాయేమోనన్న భయం మాత్రం మాకూ ఉంది. తరగతి గదిలో ప్రచారాన్ని నిషేధించకుండా ఓటు వయసును తగ్గిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ఓటు ఇచ్చినంత మాత్రాన బాలలుగా వారికున్న చట్ట రక్షణలు తీసేయనక్కర్లేదు. పోటీ చేసే వయసుకూ దీనికీ ముడిపెట్టాల్సిన పనిలేదు.

ఒక్కసారిగా జాతీయ ఎన్నికలకు వెళ్లడానికి వెనకాడే ప్రభుత్వాలకు మరో దారి ఉంది. జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రం 1996లో స్థానిక ఎన్నికలతో మొదలుపెట్టింది. 2024 నాటికి జర్మనీ అంతటా పదహారేళ్లవారు యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటేశారు. స్థానిక సంస్థలకు వచ్చే ఎన్నికల్లోనే ఈ హక్కు ఇవ్వాలి, బడిలోనే పేర్లు నమోదు చేయాలి. ఆ పోలింగ్ లెక్కలు చేతికొచ్చాక పెద్ద ఎన్నికల సంగతి తేల్చవచ్చు.