సవరణ: కారిడార్లలో పండగ అలంకరణలు
"కారిడార్లలో అలంకరణలు తీసేయాలి" అన్న మొన్నటి నోటీసు చూసి మూడో అంతస్తు వాళ్లు గుమ్మానికి కట్టిన క్రిస్మస్ స్టార్ దింపేశారు. దయచేసి మళ్లీ కట్టుకోండి. ఆ మాట మెట్లదారికి, మీటర్ బోర్డు చుట్టుపక్కలకి మాత్రమే. అక్కడ సీరియల్ లైట్ల వైరుకి టేపు ఊడి రాగి తీగ బయటపడింది, అదీ పిల్లల చేతికందే ఎత్తులో. అసలు టెన్షన్ దాని గురించే. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, కారిడార్లు అందరికీ ఉమ్మడి. కాబట్టి చవితి పందిరికైనా, రంజాన్ లైట్లకైనా ఇదే రూల్. గుమ్మం మీద మామిడి తోరణమో, స్టారో, ఎవరిష్టం వాళ్లది. తీసేయమని పక్కింటివాళ్లని ఎవరూ అడగొద్దు. ఇబ్బందుంటే కమిటీకి చెప్పండి. ఆ వైరు మాత్రం ఈ రాత్రికే తీయించేస్తున్నాం.