అట్టపెట్టెకు గోత్రం ఉందా?

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు కూర్చున్నవాళ్ళను అయ్యవారు మొదట అడిగేది గోత్రం, నక్షత్రం. గోత్రం తెలియకపోతే శివగోత్రం అని చెప్పుకొని గట్టెక్కచ్చు. దేవుడి దగ్గర ఉన్న ఈపాటి వెసులుబాటు జర్మనీలో లేదు. అదే ఊళ్ళో ఒక కలంకారీ దుపట్టా మడిచి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి బెర్లిన్‌లో ఉన్న ఆవిడకు పంపాలంటే దుపట్టా గోత్రం ఎవరికీ అక్కర్లేదు. పెట్టె గోత్రం మాత్రం చెప్పి తీరాలి.

ఆ గోత్రం పేరు లూసిడ్ నంబరు. డీఈ అనే రెండక్షరాలు, వాటి వెనక 13 అంకెలు. ఇచ్చేది ఓస్నాబ్రూక్ అనే ఊళ్ళో ఉన్న కేంద్ర ప్యాకేజింగ్ రిజిస్టరు. 2019 జనవరి 1న అమల్లోకొచ్చిన జర్మనీ ప్యాకేజింగ్ చట్టం దీనికి మూలం. ఆ చట్టానికి ముందు 1991 నాటి నిబంధనలు ఉండేవి. దానికి ఏడాది ముందు, 1990లో, స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ఈ సిద్ధాంతానికి పేరు పెట్టాడు: ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత. మూడక్షరాల్లో ఈపీఆర్. సరుకు అమ్మి డబ్బు లెక్కపెట్టుకున్నవాడే దాని చెత్త ఖర్చూ భరించాలన్నది సారాంశం. ఇందులో తప్పు పట్టేదేముంది? పెళ్ళిభోజనాలు మినహా ఎవరి విస్తరి వాళ్ళే తీయడం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే విస్తరి తీసేముందు దాని బరువు రెండుచోట్ల నమోదు చేయించాలన్న ఆలోచన మన పెద్దవాళ్ళకు రాలేదు. అభివృద్ధి చెందిన దేశాలకు వస్తుంది.

కాబట్టి కవరు దోష నివారణ విధానం ఇక్కడ సవివరంగా మనవి చేసుకుంటున్నాం. భక్తిశ్రద్ధలతో చదవగలరు.

మొదట సంకల్పం, అంటే లూసిడ్‌లో నమోదు. ఇది పూర్తిగా ఉచితం. ఉచితం కాబట్టే సగంమంది ఇక్కడే పూజ అయిపోయిందనుకొని కొబ్బరికాయ కొట్టేస్తారు. అంగడి బోర్డు మీద ఉన్న పేరు కాదు, జీఎస్టీలో ఉన్న పేరు రాయాలి. యూరప్ వ్యాట్ నంబరు లేకపోతే మన దేశపు పన్ను నంబరు ఇవ్వచ్చు. అమ్మే బ్రాండు పేర్లన్నీ చేర్చాలి. ఆన్‌లైన్ మార్కెట్‌లో ఖాతా "శ్రీ ఫలానా కలంకారీ ఆర్ట్స్" అని ఉండి, లూసిడ్‌లో యజమాని పేరు మాత్రమే ఉంటే రెండూ ఒకరేనని అక్కడి కంప్యూటరుకు అర్థం కాదు. ఆ కంప్యూటరు శ్రీకాళహస్తి ఎప్పుడూ రాలేదు కదా.

ఈ నమోదు వ్యాపారి స్వయంగా చేసుకోవాలి. విదేశీ అమ్మకందారు జర్మనీలో అధీకృత ప్రతినిధిని పెట్టుకొని మిగతా బాధ్యతలు అప్పజెప్పచ్చుగానీ ఈ ఒక్క నమోదు మాత్రం ఆయన చేతికి ఇవ్వకూడదు. తలనీలాలు ఇంకొకరిచేత ఇప్పించలేం, అట్లాంటిదే ఇదీ. అయినా "పాస్‌వర్డ్ పంపండి సార్, మొత్తం మేమే చూసుకుంటాం" అనే ఏజెంట్లకు కొదవ లేదు.

రెండోది దక్షిణ. లూసిడ్ నంబరు పట్టుకొని వేరే కంపెనీ దగ్గరికి పోవాలి. వీటిని డ్యూయల్ సిస్టమ్స్ అంటారు. జర్మనీ ఇళ్ళల్లోంచి పసుపు సంచుల్లో వచ్చే ప్యాకింగ్ చెత్తను ఎత్తించి, వేరుచేయించి, రీసైకిల్ చేయించేది ఇవే. ఏడాదికి ఎన్ని కిలోల అట్ట, ఎన్ని కిలోల ప్లాస్టిక్ పంపుతారో చెప్పి డబ్బు కట్టి, ఒప్పందం రాసుకోవాలి. తర్వాత ఆ అంకెలనే మళ్ళీ లూసిడ్‌కు వచ్చి, ఏ కంపెనీతో ఒప్పందమో కలిపి చెప్పాలి. అక్కడ 10 కిలోలు, ఇక్కడ 12 కిలోలు అని రాస్తే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏడాది చివర అసలు లెక్క మళ్ళీ రెండుచోట్లా ఇవ్వాలి. నమోదు చేసుకోకుండా అమ్మితే జరిమానా లక్ష యూరోల దాకా, ఒప్పందం లేకపోతే 2 లక్షల యూరోల దాకా. మన డబ్బుల్లో సుమారు 2 కోట్లు. కనీస పరిమితి అంటూ ఏదీ లేదు. ఏడాదికి ఒక్క పెట్టె పంపినా పంపినట్టే.

ఇక గ్రాముల సంగతి. ప్యాకింగ్ బల్ల మీద బంగారు కొట్టువాళ్ళ కాటా కాకపోయినా, వంటింటి డిజిటల్ కాటా ఒకటి తప్పనిసరి. ఒక దుపట్టా పార్సిల్‌ను విప్పి తూచుదాం. అట్టపెట్టె 140 గ్రాములు. లోపలి పలుచటి కాగితం 10. చిరునామా చీటీ 2. దుపట్టా మీది పాలిథిన్ కవరు 12. టేపు 4. అంటే కాగితం 152 గ్రాములు, ప్లాస్టిక్ 16 గ్రాములు. ఏడాదికి జర్మనీకి 60 పార్సిళ్ళు పోతే కాగితం 9 కిలోల 120 గ్రాములు, ప్లాస్టిక్ 960 గ్రాములు. కిలో కూడా నిండని ఈ ప్లాస్టిక్ కోసం రెండు లాగిన్లు, ఒక ఒప్పందం, ఏడాదికి రెండు లెక్కలు.

"అన్నా, ఇంగో సుట్టు టేపు ఎయ్యనా?"

"ఉండబ్బా, ఈ సుట్టు తూకం రాసుకోనీ."

ఇప్పుడు బబుల్ కవరు దగ్గరికి వద్దాం. పైన ఖాకీ కాగితం, లోపల గాలిబుడగల ప్లాస్టిక్, రెండూ అతుక్కొని ఉంటాయి. దీన్ని కాగితమని రాసేవాళ్ళు కొందరు, ప్లాస్టిక్ అని రాసేవాళ్ళు కొందరు. రెండూ తప్పే. చేత్తో విడదీయలేని రెండు పదార్థాలు కలిసి, అందులో ప్రధానమైనది బరువులో 95 శాతం దాటకపోతే అది మిశ్రమ ప్యాకింగ్ కిందికి వస్తుంది. దాని వరుస వేరు. వర్ణసంకరం విషయంలో మనుధర్మశాస్త్రం కూడా ఇంత నిక్కచ్చిగా శాతాలు పెట్టలేదు.

పొదుపరులైన మన వ్యాపారులు సెల్‌ఫోన్ల అంగట్లోంచి పాత పెట్టెలు తెచ్చి తిప్పి వాడతారు. పర్యావరణానికి ఇంతకంటే మేలేముంది? జర్మనీ కూడా మెచ్చుకుంటుంది. మెచ్చుకొని, ఈ పెట్టెకు ఇదివరకే జర్మనీలో ఎవరైనా డబ్బు కట్టారా, రుజువు చూపించు అంటుంది. తిరుపతి గాంధీరోడ్డు పెట్టెకు జర్మనీలో ఎవడు కట్టి ఉంటాడు? కాబట్టి గుజిరీ అంగడికి పోవాల్సిన పెట్టెకు కూడా కొత్త పెళ్ళికొడుకు లాంఛనాలన్నీ జరపాలి. అందుకని కొందరు కొత్త పెట్టెలే కొంటున్నారు. చెట్టు కొట్టించినా లెక్క సరిగ్గా ఉంది కదా.

పెద్దవాళ్ళకు ఇంకా పెద్ద పూజ ఉంది. ఏడాదికి 80 టన్నుల గాజు, 50 టన్నుల కాగితం, లేదా ప్లాస్టిక్, లోహం, మిశ్రమాలు కలిపి 30 టన్నులు దాటితే, ఆడిటరు సంతకంతో మే 15 లోగా సంపూర్ణ ప్రకటన ఇవ్వాలి. మన దుపట్టా అంగడి అక్కడికి చేరాలంటే ఏడాదికి 3 లక్షల 28 వేల పార్సిళ్ళు పైగా పంపాలి. ఆ రోజు త్వరలో రావాలని జ్ఞానప్రసూనాంబను వేడుకుందాం.

2022 జూలై 1 నుంచి కాపలా పని ఆన్‌లైన్ మార్కెట్లకు, వస్తువులు నిలవ ఉంచి పంపే గోదాముల వాళ్ళకు అప్పజెప్పారు. నంబరు లేని అమ్మకందారును వాళ్ళు అమ్మనివ్వకూడదు. జర్మనీ జనం కంటికి ఆ దుపట్టా ఆ రోజునుంచి కనిపించదు. ఫ్రాన్స్ పద్ధతి వేరు. 2020 నాటి చట్టం ప్రకారం, 2022 జనవరి 1 నుంచి, అమ్మకందారుకు సొంత నంబరు లేకపోతే ఆ బాధ్యత మార్కెట్‌ది. మార్కెట్ కట్టేసి, ఆ డబ్బు అమ్మకందారు లెక్కలోంచి కోసుకుంటుంది. ఒకడు గుళ్ళోకి రానివ్వడు, ఇంకొకడు రానిచ్చి జేబులోంచి హుండీలో వేస్తాడు. ఏది మేలో భక్తుల ఇష్టం.

ఫ్రాన్స్ తత్త్వచింతన మాత్రం అద్భుతం. శ్రీకాళహస్తిలో ఒకే తాను గుడ్డ. కరక్కాయ, పాలలో నానింది. బెల్లం నీళ్ళల్లో తుప్పుపట్టిన ఇనుము పులియబెట్టిన కసిమితో గీతలు పడ్డాయి. పటిక తాగింది, స్వర్ణముఖి నీళ్ళల్లో ఉతుకు చూసింది. ఆ తానులోంచి దుపట్టా కోస్తే అది బట్టల వర్గం, దాని లెక్క రీఫ్యాషన్ అనే సంస్థకు. అదే తానులోంచి కిటికీ పరదా కోస్తే అది ఫర్నిచరు వర్గం, కుర్చీలూ మంచాలూ ఉన్న చోటు, ఇంకో సంస్థ. పెట్టె లెక్క మూడోచోట. ఒక్కో వర్గానికి ఒక్కో నంబరు. దుపట్టా కొన్నావిడ దాన్ని కిటికీకి కట్టుకుంటే ఏమవుతుందన్నది అద్వైతులు తేల్చాలి. మాధవమాలలో చెక్కిన కొయ్యబొమ్మను ఫ్రాన్సుకు పంపేవాళ్ళకు ఇంకో ధర్మసందేహం. పిల్లల ఆటబొమ్మలకు అక్కడ వేరే ఈపీఆర్ ఉంది. కాబట్టి వస్తువు వివరణలో బొమ్మ అని రాయాలా, విగ్రహమని రాయాలా అన్నది కాస్త ఆలోచించుకోండి. వేంకటేశ్వరస్వామిని ఆటవస్తువుల్లో పడేస్తే ఇక్కడా ఊరుకోరు.

ఆస్ట్రియా అయితే 2023 జనవరి 1 నుంచి విదేశీ ఆన్‌లైన్ అమ్మకందారు అక్కడ అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలంది, అదీ నోటరీ చేసిన అధికారపత్రంతో. మన కోర్టు ఎదుట చింతచెట్టు కింద నోటరీగారికి ఒక రోజులో పడే స్టాంపుల్లో ఇది ఏ వరుసలోదో! స్థలం అమ్మకమా, వీలునామానా, అట్టపెట్టె ఆస్ట్రియా యాత్రనా అని ఆయన ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ముద్ర వేస్తాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. గ్రాముల మీద పడే డబ్బు చాలా తక్కువ. ఆ 960 గ్రాముల ప్లాస్టిక్‌కు నిజంగా అయ్యే ఖర్చు తిరుమల కొండమీద ఒక పూట టిఫినంత కూడా ఉండదు. పడేదంతా దేశానికింత అని: కనీస రుసుము, ప్రతినిధి జీతం, ఏజెంటు ఫీజు, నోటరీ. 20 లక్షల పెట్టెలు పంపే కంపెనీకి అది కాఫీ ఖర్చు. 60 పెట్టెలు పంపే అంగడికి అదే ఏడాది లాభం. చెత్త ఎక్కువ చేసేవాడు గ్రాముకు తక్కువ కడతాడు, తక్కువ చేసేవాడు ఎక్కువ. కొండంత రాగం తీసి కోడిగుడ్డంత పాట పాడినట్టు.

ఇక రాబోయే శుభవార్తలు. యూరప్ మొత్తానికీ ఒకటే అన్న కొత్త ప్యాకేజింగ్ రెగ్యులేషన్ 2025 ఫిబ్రవరి 11న పుట్టింది, 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది. ఒకటే చట్టం, కానీ నమోదు మాత్రం ఏ దేశానికి ఆ దేశమే. ఉమ్మడి కుటుంబం, వేరు పొయ్యిలు. ఇందులో మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఖాళీ జాగా లెక్క. 2030 జనవరి 1 నుంచి, లేదా లెక్కకట్టే పద్ధతి అమల్లోకొచ్చిన మూడేళ్ళకు, ఏది వెనకైతే అప్పటినుంచి, ఆన్‌లైన్ పార్సిల్లో ఖాళీ 50 శాతం మించకూడదు. మడిచిన దుపట్టా 25, 20, 4 సెంటీమీటర్లు అనుకుంటే 2000 ఘన సెంటీమీటర్లు. బజార్లో దొరికే 30, 25, 10 పెట్టె 7500. ఖాళీ 73 శాతం. పాత పేపర్లు ఉండచుట్టి కుక్కితే నిండినట్టే కదా అనకండి. పేపరు ముక్కలు, గాలిబుడగలు, స్పాంజి, అన్నీ ఖాళీ కిందే లెక్క. 26, 21, 7 కొలతలతో పెట్టె చేయించుకుంటే 48 శాతానికి దిగుతుంది. శూన్యాన్ని పూర్ణంగా చూసే వేదాంతం మనకుంది, పూర్ణాన్ని శూన్యంగా చూసేది వాళ్ళకుంది.

బట్టలకు కూడా యూరప్ అంతటా ఈపీఆర్ పెట్టాలని 2025 అక్టోబరులో డైరెక్టివ్ అమల్లోకొచ్చింది. సభ్యదేశాలకు 30 నెలల గడువు. అప్పుడిక దుపట్టాకూ గోత్రం వస్తుంది.

మనం తక్కువ తిన్నామని ఎవరూ అనుకోకూడదు. 2022 ఫిబ్రవరి 16న మన దేశమూ ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు ఈపీఆర్ మార్గదర్శకాలు తెచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ ఉంది, గట్టి ప్లాస్టిక్ ఒక వర్గం, పలుచటిది ఇంకోటి, పొరల ప్లాస్టిక్ మరొకటి అని వర్గాలున్నాయి, ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ చేశామని రీసైక్లర్లు రాసి అమ్మే సర్టిఫికెట్లున్నాయి. 2023లో ఆ మండలివాళ్ళు నాలుగే నాలుగు రీసైక్లింగ్ కంపెనీలను తనిఖీ చేస్తే సుమారు 6 లక్షల బోగస్ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ప్లాస్టిక్ కరగకపోయినా కాగితం మీద అంతా కరిగిపోయింది. జర్మనీవాళ్ళు ఈ యోగవిద్య నేర్చుకోవడానికి ఇంకా టైం పడుతుంది.

ఇంత చదివాక శ్రీకాళహస్తి వ్యాపారి చేసేది ఒకటే. ఆన్‌లైన్ ఖాతాలో షిప్పింగ్ సెట్టింగుల్లోకి పోయి, దేశాల జాబితాలో జర్మనీ ముందున్న టిక్కు తీసేస్తాడు. ఆస్ట్రియాదీ తీసేస్తాడు. చెయ్యి ఎత్తిందే తడవు ఫ్రాన్సుదీ. ఒక్క గ్రాము ప్లాస్టిక్ కూడా పోదు, ఒక్క యూరో కట్టక్కర్లేదు.

బెర్లిన్ ఆవిడ ఊరుకుంటుందా? రాహుకేతు పూజకు ఆవిడే వస్తుంది. పూజ ముగించుకొని సన్నిధి వీధిలోకి వచ్చి, అదే దుపట్టా బేరమాడి కొంటుంది. అంగడాయన దాన్ని అదే 12 గ్రాముల పాలిథిన్ కవర్లో పెట్టి, చేతిసంచి కూడా ఒకటి ఇస్తాడు. 120 మైక్రాన్ల మందానికి తక్కువున్న ప్లాస్టిక్ సంచి 2022 డిసెంబరు 31 నుంచి మన దగ్గర ఇవ్వకూడదు కాబట్టి, గుడ్డసంచిలా కనిపించే నాన్‌వోవెన్ సంచి తీస్తాడు. అది గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్. కవరు, సంచి, రసీదు, పైన కట్టిన ప్లాస్టిక్ తాడు, అన్నీ సూట్‌కేసులో పడి రేణిగుంటలో విమానమెక్కుతాయి. బెర్లిన్‌లో దిగి, ఆవిడ ఇంటి పసుపు సంచిలోకి పోతాయి. సొంత సామాను కాబట్టి గోత్రం అడిగేవాడు లేడు.