పెరట్లోని గొంగళి పురుగు ప్రాణం తీస్తుందన్న ప్రచారం నిజం కాదు

వానలు మొదలైన నాటి నుంచి నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పత్తి చేలల్లో పుట్టిన కొత్త పురుగు ఇళ్లలోని కరివేపాకు, నిమ్మ, మునగ చెట్ల మీదికి వచ్చిందని, అది పాముకన్నా విషపూరితమని, తాకిన ఐదు నిమిషాల్లో మనిషి చనిపోతాడని అందులో రాశారు. కుట్టిన చోట బ్లేడుతో గాటు పెట్టి రక్తం కార్చాలని, పెరట్లో ఏ పురుగు కనిపించినా పత్తికి కొట్టే మోనో అనే పురుగుమందు చల్లి చంపాలని సలహా కూడా ఇచ్చారు. కింద ఒక ముళ్ల పురుగు ఫొటో, పొలంలో పడివున్న రెండు మృతదేహాల ఫొటో ఉన్నాయి. దీన్ని నమ్మి మా వీధిలో ఒక ఇంటివారు ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టును మొదలంటా నరికించారు. వీధిలో సగం ఇళ్లకు పోపులోకి ఆకు ఆ చెట్టు నుంచే వచ్చేది.

ఫొటోల సంగతి త్వరగా తేలిపోతుంది. ఇవే ఫొటోలు 2022లో పత్తి రైతులను భయపెడుతూ తిరిగాయి. ఆ మృతులు మహారాష్ట్రలో పిడుగుపాటుకు బలైనవారని అప్పుడే బయటపడింది. పిడుగుకు పోయినవారి శవాలను పురుగు ఖాతాలో వేయడం ఆ కుటుంబాల పట్ల కూడా అన్యాయమే.

ఇక ఆ పురుగు కొత్తది కాదు, పత్తిలో పుట్టిందీ కాదు. మామిడి, ఆముదం, కొబ్బరి ఆకుల మీద ఎప్పటి నుంచో బతుకుతున్న ముళ్ల గొంగళి జాతి అది. దాని ముళ్ల మొదట్లో విషగ్రంథులు ఉన్న మాట నిజమే. తాకితే నిప్పు అంటుకున్నట్టు మండుతుంది, చర్మం ఎర్రబడి దద్దు లేస్తుంది. సాధారణంగా ఆ బాధ కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. గొంగళి పురుగు తగిలి మనుషులు మరణించిన చోటు ప్రపంచంలో లేకపోలేదు. దక్షిణ అమెరికాలో లోనోమియా అనే జాతి ఉంది, దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది, బ్రెజిల్‌లో దానికి విరుగుడు మందు కూడా తయారు చేస్తున్నారు. ఆ జాతి మన దేశంలో లేదు. ఉన్నచోట కూడా అది ఐదు నిమిషాల్లో చంపేది కాదు.

సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసే మాట, పెరట్లో కనిపించే పురుగులన్నీ ఒకటేనన్నది. గొంగళి అన్న పేరులోనే మన గొర్రెల కాపరులు భుజాన వేసుకునే గొంగడి ఉంది, ఒంటికి తగిలితే గరగరలాడే ఉన్ని ఉంది. వానాకాలంలో మునగ మొద్దుకు గుంపుగా అంటుకొని ఉండే బొచ్చు పురుగులు, తొలకరి తర్వాత ఆముదపు చేలను ఊడ్చేసే ఎర్ర గొంగళి ఈ పేరుకు తగినవి. వాటి వెంట్రుకలతో దురద వస్తుంది కాబట్టి చేత్తో ముట్టుకోకూడదు. కానీ కరివేపాకు, నిమ్మ, మారేడు మొక్కల మీద ఉండే పురుగుకు ముల్లూ లేదు, బొచ్చూ లేదు. అది చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు కలిసిన రంగులో ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ముల జంటను బయటికి చాపి ఘాటైన వాసన వదులుతుంది. దాన్ని చూసి జడుసుకునేవారిని నేను చాలామందిని చూశాను. అది కుట్టదు, కరవదు, ఆ వాసన చీమల వంటి శత్రువులను తరమడానికే. బత్తాయి, నిమ్మ తోటలున్న మన నల్లగొండ జిల్లాలో రైతులు దాన్ని నారుమొక్కలకు శత్రువుగా ఎరుగుదురే తప్ప మనిషికి శత్రువుగా ఎరుగరు. పెద్ద చెట్టుకు నాలుగు ఆకులు పోయినా లోటు లేదు, చిన్న మొక్క అయితే పుల్లతో ఏరి తీసేస్తే సరిపోతుంది. వదిలేస్తే కొన్నాళ్లకు నలుపు మీద పసుపు మచ్చల సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది.

మోనో, అంటే మోనోక్రోటోఫాస్, కొట్టమన్న సలహాను నేను నేరంగానే భావిస్తున్నాను. ఆ మందును కూరగాయల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పిల్లలు ఆడుకునే పెరట్లో, వంటగది కిటికీ కింద, రేపు పచ్చడికి కోయబోయే ఆకు మీద దాన్ని ఎలా చల్లుతాం? పైగా అది మొక్కల రసం పీల్చే పేనుబంకను తిని మొక్కను కాపాడే అక్షింతల పురుగులను, గొంగళి గుడ్లలోనే గుడ్డు పెట్టి వాటిని నాశనం చేసే సన్నటి కందిరీగలను కూడా చంపుతుంది. అవి పోయాక పేనుబంక, పిండినల్లి మునుపటికన్నా ఎక్కువగా విరుచుకుపడతాయి. పత్తి చేలో నిజంగా ప్రాణాలు తీసింది ఏదో తెలియాలంటే 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. మందు కొడుతూ ఆ విషం ఒంట్లోకి పోయి ఇరవై మంది వరకు రైతులు, కూలీలు చనిపోయారు.

పురుగులు మరీ ఎక్కువైతే అర కిలో వేపగింజల పప్పు దంచి గుడ్డలో మూట కట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం పిండి వడకట్టి, పది లీటర్ల ద్రావణం చేసుకొని, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లుకోవచ్చు. పురుగు అప్పటికప్పుడు రాలి పడదు, తినడం మానేసి ఎదుగుదల ఆగి చస్తుంది.

ముళ్ల పురుగు తగిలినప్పుడు బ్లేడు జోలికి అసలు పోకూడదు. గాటు పెడితే విషం పోదు, చీము పట్టే గాయం మాత్రం మిగులుతుంది. రుద్దకుండా, ఆ చోట అతుకుడు టేపు అద్ది లాగితే ముళ్లు ఊడివస్తాయి. తర్వాత సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచు ముక్క పెట్టాలి. వెంట్రుకలు కంట్లో పడినా, ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.