సవరణ: కన్ను సెకనుకు 60 సార్లు దుంకదు

మొన్న నా ఐ ట్రాకింగ్ (చదివేటప్పుడు చూపు ఎటు పోతుందో కెమెరాతోని కనిపెట్టుడు) ప్రాజెక్ట్ గురించి పెట్టిన పోస్టుల "మా ట్రాకర్ 60 హెర్ట్జ్, అంటే చదివేటప్పుడు మన కన్ను సెకనుకు 60 సార్లు కదుల్తది" అని రాసిన, అది తప్పు. 60 అనేది కెమెరా లెక్క, దగ్గర దగ్గర 17 మిల్లీసెకన్లకొకసారి చూపు ఎక్కడుందో నోట్ చేసుకుంటది, అంతే. కన్నేమో ఒక్కో చోట 200 నుంచి 250 మిల్లీసెకన్లు ఆగి ఇంకో చోటికి దుంకుతది, అంటే సెకనుకు మూడు నాలుగు సార్లే. ఆ దుంకుడు 30 మిల్లీసెకన్లు అటూ ఇటుగ అయిపోతది, మా మిషన్‌కు దాంట్ల ఒకటో రెండో రీడింగులే దొరుకుతయి, గందుకే మేం దాని స్పీడు జోలికి పోకుండ ఆగిన టైమే లెక్కవెడుతున్నం. ట్రాకర్ మాన్యువల్ల, గైడ్ సార్ ఇచ్చిన పేపర్లల్ల ఇదే ఉంది, నేనే సక్కగ చదవలే.

ఇంకోటి, మా టెస్టుకు కూసున్న దేవరకొండ ఫ్రెండు డేటా "కండ్ల ప్రాబ్లమ్‌తోని" పోయింది అని రాస్తే కొందరు ఆమెకు చూపు సరిగ లేదనుకున్నరట. అది గాదు, ఆమె కాటుక పెట్టుకొని కూసుంది, ట్రాకర్ వేసే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనవడని) వెలుగుల ఆ నల్లటి గీతనే సాఫ్ట్‌వేర్ కంటిపాప అనుకుంది. తుడుచుకొని వచ్చినంక తొమ్మిది చుక్కల క్యాలిబ్రేషన్ (తెర మీద చుక్కలు చూపెట్టి మిషన్‌ను ఆమె చూపుకు సెట్ చేసుడు) ఒక్కసారికే కుదిరింది.