పడక దిగుబడి

వ్యాపార పేజీ చదవడం నా రక్తపోటుకు మంచిది కాదని ఇంట్లో చెబుతూనే ఉన్నారు. వినకుండా మొన్న ఒక కార్పొరేట్ ఆసుపత్రి మూడు నెలల ఫలితాలు చదివాను. అందులో ఒక లెక్క ఉంది: నిండిన పడక ఒక్కింటికి రోజువారీ సగటు ఆదాయం. అది పెరిగిందట. వాటాదారులకు నా శుభాకాంక్షలు.

మా నల్గొండ వాళ్లం ఇంతకాలం ఎకరాకు ఎన్ని బస్తాలు, చెట్టుకు ఎన్ని బత్తాయిలు అని అమాయకంగా లెక్కలు వేసుకుంటూ బతికాం. పడక మీద పంట తీయవచ్చని మాకెవరూ చెప్పలేదు. వానతో పని లేదు, కరెంటు కోసం అర్ధరాత్రి బోరు దగ్గర కాపలా లేదు. మా పొలంలో పురుగు పడితే పంట పోతుంది, వాళ్ల పొలంలో పురుగు పడితేనే పంట. అందుకే ప్రపంచబ్యాంకు కుటుంబంలోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ మొదలు విదేశీ పెట్టుబడి నిధుల దాకా అందరికీ మన ఆసుపత్రుల మీద అంత ప్రేమ. ఈ సేద్యంలో విదేశీయులు 2000 నుంచే నూటికి నూరు శాతం పెట్టుబడి పెట్టవచ్చు, ముందుగా ప్రభుత్వ అనుమతి అడిగే శ్రమ కూడా లేదు. బర్రెల లోను కోసం మా రైతు బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతాడో అడగకండి.

నిరుడు దేవరకొండ వైపు ఉండే మా చిన్నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే హైదరాబాదు తీసుకెళ్లాం. కౌంటరులో అమ్మాయి పేరు అడగలేదు, నొప్పి ఎక్కడని అడగలేదు.

"కార్డా, క్యాషా?"

"ఆరోగ్యశ్రీ కార్డమ్మా."

"పడకలు లేవు సార్."

అద్దం వెనక తెల్ల దుప్పటి పరిచి ఒకటి కనబడుతూనే ఉంది. "మరి అది?"

"అది క్యాష్ పడక సార్."

దగ్గరికి వెళ్లి పరీక్షగా చూశాను. నాలుగు కాళ్లు, నాలుగు చక్రాలు, పక్కన సెలైన్ తగిలించే కడ్డీ. నోట్ల గుర్తు ఎక్కడా లేదు. కార్డుతో చూస్తే లేదు, నగదుతో చూస్తే ఉంది! తాడును చూసి పాము అనుకోవడం గురించి శంకరులు చెప్పారు కానీ, పడకను చూసి పడక కాదనుకోవడం ఆయనకు కూడా తట్టలేదు. ఛాతీ పట్టుకుని ఈ వేదాంతమంతా విన్న చిన్నాన్న "నిలబడే ఉంటానని చెప్పరా" అన్నాడు. లక్ష అడ్వాన్సు కట్టగానే పడక సాక్షాత్కరించింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అబద్ధమెందుకు, పాలమూరు కూలీ పెద్దాసుపత్రి మెట్లెక్కింది దానివల్లే. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని వైద్య ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పరిమితి పెంచడానికి ఖర్చు కాదు, బిల్లులు చెల్లించడానికే అవుతుంది. బకాయిలు పేరుకుంటాయి, ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, చర్చలు జరుగుతాయి. ఆ చర్చలకు రోగిని పిలవరు. ఇక 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతం కావాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2025 చెప్పిన సమయానికే వచ్చింది, శాతమే రాలేదు.

వైద్యాన్ని ఇలా పెట్టుబడికి వదిలేయడాన్ని సంస్కరణ అంటున్నారు. గుండె నొప్పితో గుమ్మంలో నిలబడ్డ మనిషిని కార్డా, క్యాషా అని అడగడం ఏ సంస్కరణ? మెడ మీద కత్తి పెట్టి అడిగేవాడిని దొంగ అంటాం, జైల్లో వేస్తాం. ఇక్కడ కత్తి కూడా రోగే తెచ్చుకుంటాడు కాబట్టి పెట్టుబడిదారు అంటున్నాం. ఊరి దగ్గరి సర్కారు దవాఖానాలో ఆ రాత్రి ఒక్క గుండె డాక్టరు ఉంటే మేము అక్కడిదాకా ఎందుకు పోతాం? ఆ ఒక్కడిని పెట్టడానికి డబ్బుల్లేవట. సిగ్గులేని మాటలు!

చిన్నాన్న బతికాడు. ఎకరం బత్తాయి తోట పోయింది. మొన్న ఆ వార్త చదివి వినిపిస్తే మంచం మీద లేచి కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు.

"తొమ్మిది రోజులు పడుకున్నాను కదరా. ఆ పెరిగినదాంట్లో మన తోట కూడా ఉన్నట్టేనా?"