ఐదడుగుల రోటవేటర్ గారికి ఒక మినీ ట్రాక్టర్ యజమాని విన్నపం

మహారాజశ్రీ ఐదడుగుల రోటవేటర్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ట్రాక్టర్ వెనక వేలాడుతూ, ఐదడుగుల వెడల్పున తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే తమరు క్షేమమేనని నాకు తెలుసు. పొద్దున కాసేపు తప్పితే, నిన్న సాయంత్రం నుంచి మా చీనీ (బత్తాయి) తోటలో గెనెం మీద, అంటే గట్టు మీద, అడ్డంగా పడుకునే ఉన్నారు కదా. ఇక్కడ క్షేమంగా లేనివి మా ట్రాక్టర్ క్లచ్, రెండు వరుసల డ్రిప్ పైపులు, నా నడుము.

నిన్న జరిగింది తమరికి వెనకనుంచి సరిగా కనబడి ఉండదు కాబట్టి చెబుతున్నాను. సాలు చివరికి వచ్చాం. పక్క వరుసలోకి తిరగాలి. తమరిని పైకి లేపుదామని లివర్ లాగాను. తమరు లేచారు. తమరితో పాటు ముందు చక్రాలు రెండూ లేచాయి. స్టీరింగ్ కుడికి తిప్పాను. చక్రాలు బుద్ధిగా కుడికే తిరిగాయి, గాల్లో. ట్రాక్టర్ మాత్రం తిన్నగా పోయి గెనెం ఎక్కింది. పక్క తోటలో కాయ కోస్తున్న కూలీలు పని ఆపి మరీ చూశారు. వాళ్లలో ఒకాయన "గుర్రం లెక్క లేస్తాందే" అన్నాడు. బానెట్ మీద ఇరవై ఏడు గుర్రాలని రాసి ఉంది కాబట్టి నాకు జవాబు దొరకలేదు.

అయ్యా, నేను తమరిని కోరి తెచ్చుకోలేదు. నాలుగడుగులది కావాలని షోరూంకి వెళ్లాను. "స్టాక్ లేదన్నా, వచ్చేసరికి సీజన్ దాటిపోతాది" అన్నారు. ఐదడుగులది రెడీగా ఉందన్నారు. అడుగు ఎక్కువ కాబట్టి పని తొందరగా అవుతుందన్నారు, డీజిల్ మిగులుతుందన్నారు, రేపు పెద్ద ట్రాక్టర్ కొన్నా పనికొస్తుందన్నారు. నా ట్రాక్టర్ చిన్నది కదా, ఇంత బరువు మోస్తుందా అని అడిగితే ఆ అబ్బాయి నవ్వి, ట్రాక్టర్ పుస్తకం తెరిచి, ఒక లైన్ మీద వేలు పెట్టాడు. "లిఫ్ట్ 750 కేజీలు. ఇది 400. ఇంకా ఇంత కెపాసిటీ మిగిలే ఉంటాదన్నా!"

ఆ 750 గురించే ఈ ఉత్తరం.

అది అబద్ధం కాదు, అందుకే ఇంత కోపం. లోపలి పంపుకీ లిఫ్ట్ చేతులకీ ఎంత బరువు లేపే సత్తా ఉందో ఆ అంకె చెబుతుంది. లేపాక ట్రాక్టర్ నేల మీద నిలబడుతుందో లేదో అది చెప్పదు. నిన్న ఆ పంపు, అదే హైడ్రాలిక్, మాట తప్పలేదు. తమరిని లేపింది, ఊపులో ట్రాక్టర్‌ని కూడా లేపింది.

రాత్రి నిద్రపట్టక కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాను. మా ట్రాక్టర్ బరువు సుమారు 950 కేజీలు. అందులో ముందు ఇరుసు మీద పడేది ఓ 380. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం దాదాపు ఐదడుగులు. తమరు 400 కేజీలు, వెనక ఇరుసుకి నాలుగడుగుల అవతల వేలాడుతున్నారు. త్రాసు లాంటి లెక్కే ఇది, మధ్య ముల్లు వెనక ఇరుసు: 400ను నాలుగుతో గుణించి ఐదుతో భాగిస్తే 320. లివర్ లాగిన క్షణంలో ముందు చక్రాల మీద నుంచి తమరు గుంజుకునే బరువు అది. మిగిలేది 60. స్టీరింగ్ మాట వినాలంటే ట్రాక్టర్ బరువులో కనీసం ఐదో వంతు, అంటే 190 కేజీలు, ముందు ఇరుసు మీద ఉండాలి. అది కూడా చదునైన నేల మీద. గెనెం ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది, ఆ 60 కూడా వెనక్కే జారుకుంటుంది.

అదే 250 కేజీల నాలుగడుగులదైతే కాస్త దగ్గరగా, మూడున్నర అడుగుల్లోనే, కూర్చుంటుంది కూడా. 380లో 175 పోయి 205 మిగిలేది. గట్టెక్కేవాళ్లం. ఇంత చిన్న లెక్కని షోరూంలో ఉన్న అంత పెద్ద కంప్యూటర్‌లో ఎవరూ వేయలేదు. కొటేషన్ మాత్రం రెండు నిమిషాల్లో ప్రింటయింది.

ఇక శక్తి సంగతి. స్టిక్కర్ మీద 27 ఉంది. అది ఇంజన్‌ది. గేర్లు దాటి, తమరిని తిప్పే వెనక షాఫ్ట్ (పీటీవో) దగ్గరికి వచ్చేసరికి ఏ 23కో తగ్గుతుంది. తమలాంటి వారికి అడుగుకి ఏడెనిమిది హార్స్‌పవర్ ఇంజన్ కావాలని మా ఊళ్లో ఏ డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. ఐదడుగులకి 35 నుంచి 40. తమరి పుట్టినింటి వాళ్లు ఇచ్చిన పుస్తకంలోనూ దాదాపు ఇదే ఉంది, షోరూంలో ఆ పేజీ తెరుచుకోలేదు. కాబట్టి తమరు మట్టిలో దిగగానే ఇంజన్ దగ్గుతుంది, నల్ల పొగ వస్తుంది. నిమిషానికి 540 చుట్లు తిరగాల్సిన పీటీవో నీరసించిపోతుంది. బ్లేడ్లు మట్టిని కొట్టడం మానేసి గీకుతాయి. వెనక్కి తిరిగి చూస్తే పెళ్లలు పెళ్లలుగానే ఉంటాయి. సరే అని లోతు తగ్గిస్తే గడ్డి కూడా తెగదు. పని తొందరగా అవుతుందన్న ఆ అదనపు అడుగు కోసం అన్నిటికన్నా చిన్న గేరులో పాకాల్సి వస్తోంది. డీజిల్ మిగలడం సంగతి డీజిల్ బంకు వాళ్లని అడగండి, మమ్మల్ని చూసి సంతోషంగా ఉన్నారు.

అసలు మినీ ట్రాక్టర్ కొన్నదే చీనీ చెట్ల కిందకి దూరుతుందని. మా ట్రాక్టర్ టైర్ల బయటి అంచుల మధ్య నాలుగడుగులు కూడా లేదు. రోటవేటర్ అనేది ఆ చక్రాల గుర్తు చెరిగిపోయేంత వెడల్పు ఉంటే చాలు. తమరు అటో అర అడుగు, ఇటో అర అడుగు బయటికి చాచుకుని, చెట్టు పాదుల దాకా పలకరిస్తున్నారు. చీనీకి తిండి పీల్చుకునే వేర్లు పైపైనే ఉంటాయి. వాటిని కోసిపెట్టి మరుసటి ఏడాది కాయ చిన్నదైందని ఎరువుల కొట్టువాడి మీద అరవాలా? డ్రిప్ పైపులైతే తమరి బ్లేడ్లకి చుట్టుకుని దండల్లా తయారయ్యాయి. డెలివరీ రోజు షోరూంలో వేసిన బంతిపూల దండ కన్నా ఇవే గట్టివి.

తమరొక్కరే అని కాదు. మినీ ట్రాక్టర్‌కి తొమ్మిది పళ్ల కల్టివేటర్ (దుక్కి గొర్రు) అంటగట్టేవాళ్లున్నారు. రెండు టన్నుల ట్రాలీ తగిలించి, దిగుడులో ట్రాలీయే ట్రాక్టర్‌ని తోసుకుపోతుంటే దేవుడా అనుకునేవాళ్లున్నారు. "మన బండి ఎంత హెచ్‌పీ?" అని అడగని బంధువు లేడు. "మన బండి ఎంత బరువు?" అని అడిగిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మా తాతల కాలంలో ఎద్దుల సంతకి పోతే జోడు కుదిరేదాకా తిరిగేవాళ్లట. ఎత్తు, అడుగు, మెడ అన్నీ చూసి, రెండో ఎద్దు నచ్చకపోతే ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లట. ఇప్పుడు లక్షలు పోసి కొంటూ, జోడు కుదిరిందా అని అడిగితే "లాగుతాదిలేన్నా" అంటున్నారు.

మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో ట్రాక్టర్లను పరీక్షించడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పీటీవో దగ్గర ఎంత శక్తి, ముందు వెనక ఇరుసుల మీద ఎంత బరువు, అన్నీ కొలిచి రిపోర్టు ఇస్తారు. అంత దూరం ఎందుకు, వ్యవసాయ యంత్రాల శిక్షణకీ పరీక్షలకీ మా అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే దక్షిణాది కేంద్రం ఉంది. ఆ షోరూం నుంచి బస్సెక్కితే పోవచ్చు. ఎవరూ ఎక్కరు.

ఇదంతా మెకానిక్‌కి చెబితే ఆయన చాలా నిదానంగా సలహా ఇచ్చాడు. "ముందు బంపర్ మీద మీ బామ్మర్దిని కూర్చోబెట్టుకో."

రోటవేటర్ గారూ, ఇక్కడ నా మర్యాద అయిపోయింది. మా బామ్మర్ది అరవై ఎనిమిది కేజీలు. ఎమ్.ఎస్సీ. చదివాడు, పెళ్లి కావాలి. వాడు నడుస్తున్న ట్రాక్టర్ బంపర్ మీద ఇసుక బస్తా ఉద్యోగం చేయాలా? చక్రం గుంటలో పడి వాడు జారితే పడేది చక్రాల ముందర. ట్రాక్టర్ వెనక్కి తిరగబడితే నా తల మీద ఇనుప కమాను కూడా లేదు. ఎవరో ఒకరు పోయాక పేపర్లో "అదుపుతప్పి బోల్తా" అని రెండు లైన్లు వేస్తారు. అదుపు తప్పింది గెనెం మీద కాదు, బిల్లు కొట్టిన రోజు షోరూంలో! సరే, కంపెనీ ఇనుప బరువులే ముందు బిగించామనుకోండి. చక్రాలు నేలకి ఆనుతాయి. ఇంజన్‌కి లేని పన్నెండు హార్స్‌పవర్ ఏ ఇనుము నుంచి పుడుతుంది?

తమరి మీద నాకు పగ లేదు. పొద్దున ఎదురింటి వాళ్ల 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి తమరిని తగిలించి, వాళ్ల వేరుశనగ చేలో ఒక సాలు తిప్పి చూశాం. ముందు చక్రం కదల్లేదు. పొగ రాలేదు. వెనకాల మట్టి ఎంత మెత్తగా పడిందంటే, చెప్పులు విప్పి నడిచాను. మనసులో కాస్త కుళ్లుకున్నాను కూడా.

కాబట్టి షోరూంకి ఫోన్ చేసి, తమరిని తీసుకుని నాలుగడుగులది ఇమ్మన్నాను. ఆశ్చర్యంగా, ఇప్పుడు స్టాక్ ఉందట. ఐతే బ్లేడ్ల మీద పెయింట్ పోయింది కాబట్టి తమరిని సెకండ్ హ్యాండ్ కింద లెక్కగట్టి, ధర తగ్గించి తీసుకుంటారట. పైగా తీసుకుపోవడానికి వాళ్ల దగ్గర బండి లేదట. మన మినీ ట్రాక్టర్‌కే తగిలించుకుని టౌన్ దాకా తోలుకురమ్మంటున్నారు, రోడ్డు మీద, పైకి లేపుకుని.

నేను రాను. పెయింట్ పోయింది నా డ్రిప్ పైపుల మీద. వాటి బిల్లు ఈ ఉత్తరంతో పాటు తమరిని పైనుంచి ట్రాక్టర్‌కి బిగించే టాప్ లింక్‌కి కట్టి పెడుతున్నాను. తమరిని పంపినవాళ్లు వచ్చినప్పుడు ముందు అది విప్పి చదివించండి.

ఇట్లు,
ఇంకా కంతులు కడుతున్న,
తమ విధేయుడు